కోడ్ మారిన ప్రతిసారీ ఏ టెస్టులు నడపాలి? పడుగూ పేకా చూసి తేల్చుకునే పద్ధతి

రథసప్తమికి వారం ముందు జరిగింది ఇది. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో, రెండు గదుల్లో మా ఐదుగురి టీమ్ పనిచేస్తుంది. పొందూరు ఖాదీ, పలాస జీడిపప్పు, బుడితి ఇత్తడి సామాను అమ్మే ఒక సైట్‌ని మేం చూసుకుంటాం. కొత్తగా చేరిన కుర్రాడు ధరలు కనిపించే తీరు మార్చాడు. అప్పటిదాకా 1250 అని ఉండేది, ఇప్పుడు 1,250 అని కామాతో చక్కగా కనిపిస్తుంది. మొత్తం మూడు లైన్ల మార్పు. ఇలా కోడ్ మారాక సైట్ సరిగ్గా పనిచేస్తోందో లేదో తామే చూసే చిన్న ప్రోగ్రాములనే టెస్టులు అంటాం.

"అన్ని టెస్టులూ నడపాలంటే గంట పైనే పడతాది అక్కా. ధర కనిపించే తీరే కదా మార్చాను, చెకవుట్‌కి ఏటవుద్ది?" అన్నాడు.

"ఏటీ అవదులే, ప్రొడక్ట్ పేజీ టెస్టులు నడిపి మెర్జ్ చేసెయ్" అన్నాను. ఆ మాట నాదే. మెర్జ్ అంటే మార్పుని అసలు కోడ్‌లో కలిపేయడం.

మర్నాడు పొద్దున్నే ఆమదాలవలస నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. "500 దాటితే డెలివరీ ఫ్రీ అని రాశారు కదమ్మా, చీరకి 60 రూపాయలు ఎందుకు వేశారు?" అని అడిగారు. వెతికితే దొరికింది. కార్ట్ కోడ్ ఒకచోట మొత్తం ధరని పేజీ మీద కనిపించే అక్షరాల్లోంచే మళ్లీ అంకెగా చదువుకుంటోంది. జావాస్క్రిప్ట్‌లో అక్షరాలని అంకెగా మార్చే పార్స్‌ఫ్లోట్‌కి "1,250" అని ఇస్తే కామా దగ్గర ఆగిపోయి 1 అని చెబుతుంది. ఎర్రర్ ఏమీ రాదు. 1 రూపాయి 500 కన్నా తక్కువే కాబట్టి డెలివరీ చార్జీ పడిపోయింది. జీడిపప్పు ప్యాకెట్లు కొన్నవాళ్లకి ఏమీ కాలేదు, వాళ్ల బిల్లు వెయ్యి దాటలేదు. చీరలు కొన్న ప్రతి ఒక్కరికీ 60 రూపాయలు ఎక్కువ పడింది.

దీన్ని పట్టుకునే టెస్ట్ మా దగ్గర ఉంది. ఖాదీ చీర కొంటే డెలివరీ ఉచితంగా రావాలి అని చెకవుట్ (డబ్బు కట్టి కొనే చోటు) టెస్టుల్లో ఎప్పుడో రాసిపెట్టుకున్నాం. ఆ రోజు దాన్ని నడపలేదు, అంతే. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే.

ఏ మార్పుకి ఏ టెస్టులు నడపాలో అప్పట్నుంచి మేం అంచనాతో తేల్చడం మానేశాం. దానికోసం ఒక పద్ధతి పెట్టుకున్నాం. బ్రౌజర్‌ని నడిపి సైట్‌ని పరీక్షించే టూల్స్‌లో మీరు ప్లేరైట్ వాడినా, సెలీనియం వాడినా, సైప్రెస్ వాడినా ఇది పనికొస్తుంది. మీతోపాటు ఇద్దరు ముగ్గురు ఉన్న చిన్న టీమ్ అయితే మరీ పనికొస్తుంది.

ముందు ఒక ప్రశ్న: మీకు టెస్టులు ఏరుకోవాల్సిన అవసరం ఉందా?

మీ టెస్టులన్నీ కలిపి పదిహేను నిమిషాల్లో అయిపోతుంటే ఏరుకోకండి. ప్రతి మార్పుకీ అన్నీ నడపండి. ఏరడం అంటే కొంత రిస్క్ నెత్తిన పెట్టుకోవడమే, అవసరం లేని చోట ఆ టెన్షన్ ఎందుకు? పదిహేను దాటుతుంటే ముందు వాటిని పంచి నడపగలరేమో చూడండి. ప్లేరైట్‌లో షార్డ్ అనే ఆప్షన్‌తో టెస్టులని నాలుగు మెషీన్లకి పంచితే గంటా పది నిమిషాల పని ఇరవై నిమిషాల దగ్గరికి వస్తుంది. అయితే నాలుగు మెషీన్లూ ఒకే టెస్ట్ యూజర్‌తో లాగిన్ అయి, ఒకరి కార్ట్ ఇంకొకరు ఖాళీ చేసేస్తుంటారు. ఒక్కో మెషీన్‌కి వేరే యూజర్ ఇవ్వండి.

మెషీన్లకి డబ్బు పెట్టలేకపోతే, లేదా పంచినా ఎక్కువసేపే పడుతుంటే, అప్పుడు ఏరుకోవాలి. టైమ్ ఒక్కటే కారణం అనుకోకండి. బ్రౌజర్ టెస్టులు ఏ తప్పూ లేకుండానే అప్పుడప్పుడు ఫెయిల్ అవుతాయి. నెట్ నెమ్మదిస్తుంది, పేజీ పూర్తిగా రాకముందే క్లిక్ పడిపోతుంది. ఒక్కో టెస్ట్ అలా వెయ్యిసార్లలో ఒక్కసారే ఊరికే ఫెయిల్ అవుతుందనుకుందాం. 400 టెస్టులు కలిపి నడిపితే అన్నీ పాస్ అయ్యే అవకాశం 67 శాతమే. అంటే ప్రతి మూడు రన్నుల్లో ఒకటి ఉత్తినే ఎర్రగా వస్తుంది. అదే 40 టెస్టులైతే 96 శాతం పచ్చగా వస్తుంది. రోజూ ఉత్తినే ఎర్రగా కనిపించే రన్‌ని కొన్నాళ్లకి ఎవరూ తెరిచి చూడరు. నిజంగా ఏదైనా విరిగిన రోజు కూడా "మళ్లీ నడిపితే పోతుందిలే" అంటారు.

మొదటి పని: టెస్టులకి ట్యాగ్‌లు పెట్టండి

చాలా టీముల్లో టెస్టులకి పేర్లు ఫైల్ పేర్లని బట్టో, టికెట్ నంబర్లని బట్టో ఉంటాయి. ఏరడానికి అవి పనికిరావు. కొనేవాళ్లు సైట్‌లో ఏ పనికోసం వస్తారో ఆ పని పేరుతో ట్యాగ్ పెట్టండి. మా దగ్గర ఏడు ఉన్నాయి: లాగిన్, వెతుకులాట, ప్రొడక్ట్, కార్ట్, చెకవుట్, ఆర్డర్లు, అడ్మిన్. ఒక టెస్ట్‌కి రెండు మూడు ట్యాగ్‌లు ఉండొచ్చు, ఉండాలి కూడా. చీర వెతికి, కార్ట్‌లో వేసి, డబ్బు కట్టే టెస్ట్‌కి నాలుగు ట్యాగ్‌లు పడతాయి.

ప్లేరైట్‌లో ట్యాగ్‌ని టెస్ట్ పక్కనే రాసి, గ్రెప్ ఆప్షన్‌తో ఏరుకోవచ్చు. పైథాన్ టెస్టులు నడిపే పైటెస్ట్‌లో వీటినే మార్కర్లు అంటారు. సెలీనియం ఒక్కటే తెలిసినవాళ్లు ఇక్కడ తికమకపడతారు. సెలీనియం బ్రౌజర్‌ని నడిపిస్తుందే కానీ టెస్టులని ఏరదు. ఏరే పని దాని పైన మీరు వాడే టెస్ట్‌ఎన్‌జీ, జేయూనిట్ లేదా పైటెస్ట్‌ది. టెస్ట్‌ఎన్‌జీలో అయితే వాటిని గ్రూపులు అంటారు.

దీనికి ఒక మధ్యాహ్నం కేటాయించండి. ఇద్దరు కూర్చుని, ఒకరు టెస్ట్ చదువుతుంటే ఇంకొకరు ట్యాగ్ చెప్పాలి. ఒక్కరే చేస్తే వందో టెస్ట్ దగ్గర ఓపిక పోయి అన్నిటికీ ఒకే ట్యాగ్ పెట్టేస్తారు.

ఎప్పుడూ నడవాల్సిన గుప్పెడు

వీటినే స్మోక్ టెస్టులు అంటారు. మార్పు ఏదైనా ఇవి నడిచి తీరాలి. ఏవి స్మోక్‌లో ఉండాలో తేల్చడానికి నేను ఒకటే ప్రశ్న వేసుకుంటాను: ఇది విరిగితే రాత్రి పదకొండింటికి సైట్ ఓనర్‌కి ఫోన్ చేసి లేపుతామా? లేపేదైతే స్మోక్. పొద్దున్న చెబుదాంలే అనుకునేదైతే కాదు. మాకు అలా తొమ్మిది మిగిలాయి. హోమ్ పేజీ తెరుచుకోవాలి, లాగిన్ అవ్వాలి, ఒక వస్తువు వెతికితే దొరకాలి, కార్ట్‌లో పడాలి, క్యాష్ ఆన్ డెలివరీతో ఒకసారి, యూపీఐ టెస్ట్ మోడ్‌తో ఒకసారి ఆర్డర్ వెళ్లాలి, ఆ ఆర్డర్ లిస్టులో కనిపించాలి, ఇలాంటివి. ఐదారు నిమిషాల్లో అయిపోవాలి.

ఆ 60 రూపాయల సంగతి తర్వాత స్మోక్‌లో ఒక చిన్న మార్పు చేశాం. కొనే టెస్ట్‌లో 250 గ్రాముల జీడిపప్పు బదులు వెయ్యి దాటే చీరని పెట్టాం. టెస్టులు తక్కువ నడిపేటప్పుడు ఉన్న వాటిలో వేసే సరుకు బరువైనది కావాలి. కామా పడే ధర, పొడుగు పేరు, తెలుగులో రాసిన చిరునామా, రెండు రకాల వస్తువులు. అదే టెస్ట్, అదే టైమ్, దొరికే తప్పులు ఎక్కువ.

ఏం మారిందో సరిగ్గా చూడటం

ఇది తేలిక అనిపిస్తుంది గానీ ఇక్కడే రెండు మూడు గుంటలున్నాయి. మారిన ఫైళ్ల లిస్ట్‌ని, కోడ్ చరిత్ర దాచే గిట్‌లోని డిఫ్ కమాండ్ ఇస్తుంది. మెయిన్ బ్రాంచ్‌కీ (అందరిదీ అయిన అసలు కోడ్) మీ బ్రాంచ్‌కీ (మీరు మార్చుకునే కాపీ) మధ్య రెండు చుక్కలు కాకుండా మూడు చుక్కలు పెట్టండి. రెండు చుక్కలు పెడితే రెండు బ్రాంచ్‌ల చివరి కమిట్‌లనే (చివరిసారి సేవ్ చేసిన స్థితినే) పోలుస్తుంది కాబట్టి మీరు బ్రాంచ్ తీశాక మెయిన్‌లో వేరేవాళ్లు చేసిన మార్పులు కూడా మీ లెక్కలోకి వస్తాయి. మూడు చుక్కలు పెడితే రెండూ విడిపోయిన చోటు నుంచి మీరు చేసినవి మాత్రమే వస్తాయి.

సీఐలో (కోడ్ పంపినప్పుడల్లా టెస్టులు దానంతట అదే నడిపే ఏర్పాటు) ఇంకో గుంట ఉంది. గిట్‌హబ్ యాక్షన్స్‌లో కోడ్ తెచ్చే చెకవుట్ యాక్షన్ (మన కొనుగోలు చెకవుట్ కాదు, పేరు అలా కలిసింది) మామూలుగా చివరి కమిట్ ఒక్కటే తెస్తుంది. పోల్చడానికి పాత చరిత్ర ఉండదు. ఫెచ్ డెప్త్ 0 అని పెడితే మొత్తం చరిత్ర వస్తుంది. మీ కంప్యూటర్‌లో బాగా పనిచేసిన స్క్రిప్ట్ సీఐలో పనిచేయకపోతే మొదట చూడాల్సింది ఇదే.

ఫైల్ పేర్లతో పాటు ప్రతి ఫైల్‌కి ఏం జరిగిందో కూడా తీసుకోండి. తీసేసిన ఫైల్, పేరు మార్చిన ఫైల్ కూడా మార్పే. కొత్త పేరు ఒక్కటే చూస్తే పాత పేరుతో దాన్ని పిలిచేవాళ్లు మీ కంటికి కనపడరు.

పడుగూ పేకా: మ్యాప్ రాయడం

మా అమ్మమ్మ వాళ్లది పొందూరు. మగ్గం మీద పడుగు అంటే బట్ట మొదటి నుంచి చివరిదాకా పొడుగునా పోయే దారాలు. పేక అంటే నాడెతో అడ్డంగా వేసేది. పేక ఒకటి తప్పు పడితే ఆ జాగాలోనే కనిపిస్తుంది, వెనక్కి తీసి మళ్లీ వేసుకుంటారు. పడుగు పోగు తెగిందని చూసుకోకుండా నేసుకుంటూ పోతే ఆ చార బట్ట పొడుగునా వస్తుంది. అందుకే పడుగు పోగు తెగితే నేత ఆపేసి, దాన్ని అతికాకే మళ్లీ మొదలుపెడతారు.

కోడ్‌లో కూడా ఈ రెండు రకాలే ఉంటాయి. ఆర్డర్ల లిస్ట్ పేజీలో మాత్రమే వాడే ఒక బటన్ పేక. ధరని అక్షరాలుగా మార్చే ఫంక్షన్ పడుగు. ప్రతి పేజీలోంచీ అది పోతుంది. ఆ రోజు మేం పడుగు పోగుని ముట్టుకుని పేక అనుకున్నాం.

కాబట్టి ఒక ఫైల్ తీసుకుని, ప్రాజెక్ట్‌లోని ప్రతి ఫోల్డర్ పేరూ ఎడమ వైపు, అది మారితే నడవాల్సిన ట్యాగ్‌లు కుడి వైపు రాయండి. మాది ఇలా మొదలైంది:

ఆర్డర్ల పేజీ ఫోల్డర్: ఆర్డర్లు.
వెతుకులాట ఫోల్డర్: వెతుకులాట, ప్రొడక్ట్.
కార్ట్ ఫోల్డర్: కార్ట్, చెకవుట్.
లాగిన్ ఫోల్డర్: లాగిన్, చెకవుట్, ఆర్డర్లు, అడ్మిన్.
ధర, పన్ను, డెలివరీ చార్జీ ఫోల్డర్: అన్నీ.
అందరూ వాడే బటన్లు, హెడర్, రంగులు, సైజుల ఫైళ్లు: అన్నీ.
ప్యాకేజీ లాక్ ఫైల్ (వాడే లైబ్రరీల వెర్షన్లు ఉండేది), సెట్టింగుల ఫైళ్లు, డేటాబేస్ మార్పుల ఫోల్డర్, సీఐ ఫైల్: అన్నీ.
రీడ్‌మీ, డాక్యుమెంట్లు: స్మోక్ మాత్రమే.
పైన లేని ఏ ఫైలైనా: అన్నీ.

చివరి లైన్ మిగతా వాటన్నిటికన్నా ముఖ్యం. రేపు ఎవరో కొత్త ఫోల్డర్ తీస్తారు, మ్యాప్‌లో రాయడం మర్చిపోతారు. అప్పుడు ఏ టెస్టూ నడవకుండా పచ్చగా వచ్చేస్తే అంతకన్నా ప్రమాదం లేదు. తెలియని ఫైల్ అంటే పడుగే అనుకోవాలి. ఏరే స్క్రిప్ట్ మధ్యలో ఆగిపోయినా అన్నీ నడవాలి. ఏరిన లిస్ట్ ఖాళీగా వచ్చినా అన్నీ నడవాలి. టెస్టులు లేకపోయినా పాస్ అనుకో అనే ఆప్షన్ ఒకటి ప్లేరైట్‌లో ఉంది, దాన్ని ఇక్కడ మాత్రం పెట్టకండి.

ఒక ఫైల్ పడుగా పేకా అని తెలియకపోతే ఎడిటర్‌లో దాన్ని ఎక్కడెక్కడ వాడుతున్నారో వెతికి చూడండి. మూడు ట్యాగ్‌ల కన్నా ఎక్కువచోట్ల కనిపిస్తే పడుగు అని రాసేయండి. డబ్బు ముట్టుకునేది ఏదైనా, కనిపించే తీరు మాత్రమే మార్చినా సరే, చెకవుట్ తప్పకుండా ఉండాలి. ఈ నియమానికి మా దగ్గర మినహాయింపు లేదు.

ఇంతాచేసి, ఇంపోర్ట్‌లలో (ఒక ఫైల్ ఇంకో ఫైల్‌లోని కోడ్‌ని తెచ్చుకునే లైన్లు) కనిపించని దారులు కొన్ని ఉంటాయి. మా తప్పే చూడండి. కార్ట్ కోడ్ ఆ ధర ఫంక్షన్‌ని ఇంపోర్ట్ చేసుకోలేదు. పేజీ మీద అది వేసిన అక్షరాలని చదువుకుంది. ఎంత వెతికినా ఆ రెండు ఫైళ్లకీ మధ్య గీత కనపడదు. ఇలాంటివే ఇంకొన్ని: ఒక పేజీ బ్రౌజర్ స్టోరేజ్‌లో దాచింది ఇంకో పేజీ తీసుకోవడం, సర్వర్ పంపే సమాచారంలో ఒక పేరు మారడం, పేజీ చిరునామా మారడం, పండగ ఆఫర్ బ్యానర్ చిన్న ఫోన్లలో కొనే బటన్ మీదకి వచ్చి కూర్చోవడం. ఇవి మీ ప్రాజెక్ట్ తెలిసిన మనిషే మ్యాప్‌లో రాయగలరు. అందుకే మ్యాప్‌ని టెస్టర్ ఒక్కరే రాయకూడదు. డెవలపర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని "ఇది ఇంకెక్కడికి పోతుంది?" అని అడుగుతూ రాయాలి.

కోడ్ కాని ఫైళ్లు

డేటా ఫైళ్లని చాలామంది మ్యాప్‌లో వదిలేస్తారు. మన వైపే ఉన్న ఉదాహరణ చెబుతాను. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. సైట్‌లో చిరునామా రాసేచోట జిల్లాల లిస్ట్ ఒక డేటా ఫైల్‌లో ఉంటుంది. ఆ ఫైల్ మార్చినవాళ్లు ఒక్క లైన్ కోడ్ కూడా రాసి ఉండరు. కానీ డెలివరీ చార్జీ జిల్లాని బట్టి లెక్కేసే సైట్ అయితే రాజాం వాళ్ల చార్జీ మారిపోతుంది. పాత ఆర్డర్లలో పాత జిల్లా పేరు ఉంటుంది, ఆ ఆర్డర్ తెరిస్తే పేజీ ఏం చేస్తుందో చూడాలి. సేవ్ చేసుకున్న చిరునామాతో కొనేవాళ్ల సంగతి చూడాలి. అంటే చెకవుట్, ఆర్డర్లు, అడ్మిన్ మూడూ నడవాలి.

తెలుగు మాటలున్న అనువాదాల ఫైల్ కూడా ఇలాంటిదే. "కార్ట్‌లో వేయండి" అన్నదాన్ని "బుట్టలో వేయండి" అని మార్చారనుకోండి. బటన్‌ని దాని మీది అక్షరాలతో వెతికే టెస్టులన్నీ పడిపోతాయి. అది సైట్ తప్పు కాదు, టెస్ట్ సర్దుకోవాల్సిందే, కానీ మెర్జ్‌కి ముందు తెలిస్తే మేలు.

టూల్స్ ఎంతవరకు సాయం చేస్తాయి

ఇక్కడ ఒక అపోహ చాలాచోట్ల చూశాను, దాన్ని కాస్త వివరంగా చెప్పాలి. జావాస్క్రిప్ట్ టెస్టులు నడిపే జెస్ట్‌లో మారిన ఫైళ్లకి సంబంధించిన టెస్టులనే నడిపే ఆప్షన్లు ఉన్నాయి. అవి ఇంపోర్ట్‌లని పట్టుకుని పోతాయి. యూనిట్ టెస్టులు (ఒక్కో ఫంక్షన్‌ని విడిగా చూసేవి) కోడ్‌ని నేరుగా ఇంపోర్ట్ చేసుకుంటాయి కాబట్టి అక్కడ అది బాగా పనిచేస్తుంది. ప్లేరైట్‌లో కూడా 2024లో వచ్చిన 1.46 వెర్షన్ నుంచి ఓన్లీ చేంజ్డ్ అనే ఆప్షన్ ఉంది. పేరు చూసి అది కూడా అలాగే సైట్ కోడ్ మారితే తగిన టెస్టులు తెస్తుందనుకుంటారు. అది అలా తేదు. మారిన టెస్ట్ ఫైళ్లని, మారిన ఫైళ్లని ఇంపోర్ట్ చేసుకున్న టెస్ట్ ఫైళ్లని మాత్రమే అది ఏరుతుంది. బ్రౌజర్ టెస్ట్ మీ సైట్ కోడ్‌ని ఇంపోర్ట్ చేసుకోదు, బయటినుంచి పేజీ తెరిచి చూస్తుంది. మీరు కార్ట్ కోడ్ మార్చి దీన్ని నమ్ముకుంటే ఒక్క కార్ట్ టెస్ట్ కూడా రాకపోవచ్చు. టెస్టులే సర్దిన రోజున మాత్రం ఇది చాలా ఉపయోగం.

దానికన్నా గట్టి దారి కవరేజ్. ఒక రాత్రి అన్ని టెస్టులూ నడుపుతూ, ఒక్కో టెస్ట్ నడిచేటప్పుడు సైట్‌లోని ఏ ఫైళ్లు పనిచేశాయో రాసుకోవాలి. ప్లేరైట్‌లో క్రోమియం బ్రౌజర్‌తో అయితే ఆ వివరం తీసుకోవచ్చు. తర్వాత ఆ లిస్ట్‌ని తిరగేస్తే ఏ ఫైల్ మారితే ఏ టెస్టులు నడపాలో తెలుస్తుంది. పైథాన్‌లో పైటెస్ట్ టెస్ట్‌మాన్ అనే ప్లగిన్ సర్వర్ వైపు కోడ్‌కి ఈ పని చేసిపెడుతుంది. మా కామా తప్పు దీనికి దొరికేదే. చీర కొనే టెస్ట్ నడిచినప్పుడు కార్ట్ పేజీ మీద ధర వేసింది ఆ ఫంక్షనే కదా, కాబట్టి ఆ టెస్ట్ పక్కన ఆ ఫైల్ పేరు ఉండేది.

లోపాలూ ఉన్నాయి. రంగులు, సైజుల ఫైళ్లు, డేటా ఫైళ్లు ఇందులో సరిగ్గా పడవు. లిస్ట్ పాతబడిపోతుంది, వారానికి ఒకసారైనా కొత్తగా తీయాలి. అందుకే నా సలహా: చేత్తో రాసిన మ్యాప్ మొదట, కవరేజ్ తర్వాత, రెండిట్లో ఏది చెప్పినా ఆ టెస్ట్ నడవాలి.

పెద్ద కంపెనీలు ఇంకా ముందుకి వెళ్లాయి. 2018లో ఫేస్‌బుక్ ఇంజినీర్లు పాత రన్నుల చరిత్రతో మెషీన్ లెర్నింగ్ నేర్పించి, మారిన కోడ్ మీద ఆధారపడ్డ టెస్టుల్లో మూడో వంతే నడిపి 99.9 శాతానికి పైగా తప్పులు పట్టుకుంటున్నామని ప్రకటించారు. వాళ్ల దగ్గర నేర్పించడానికి సరిపడా చరిత్ర ఉంది. ఐదుగురి టీమ్‌కి ఆ చరిత్ర ఉండదు, దానికోసం ఆగక్కర్లేదు.

లిస్ట్‌కి ఇంకొన్ని కలపండి

మ్యాప్ ఇచ్చినవి, స్మోక్ కాకుండా మూడు రకాలు ఎప్పుడూ కలపండి. ఈ మార్పులో కొత్తగా రాసిన లేదా సర్దిన టెస్టులు. క్రితం రన్‌లో ఫెయిల్ అయినవి. ఈ నెలలో నిజంగా తప్పు దొరికిన చోటి టెస్టులు, ఎందుకంటే ఒకసారి విరిగిన చోటే మళ్లీ చేయి పెడుతుంటాం. త్వరగా అయ్యేవి ముందు నడపండి. విరిగేదేదో రెండు నిమిషాల్లో తెలిస్తే చాయ్ తాగి వచ్చేలోపు సరిచేసుకోవచ్చు.

నమ్మేముందు రెండు వారాలు పక్కన నడపండి

మ్యాప్ రాసిన రోజే దాన్ని నమ్మకండి. రెండు వారాలపాటు ఏరడం మాత్రం చేయండి, నడపడం మాత్రం అన్నీ నడపండి. ప్రతి పుల్ రిక్వెస్ట్‌లో (మార్పుని చూసి మెర్జ్ చేయమని అడిగే పేజీ) "ఏరితే ఇవి నడిచేవి" అని లిస్ట్ రాయించండి. అన్నీ నడిచాక నిజంగా ఫెయిల్ అయిన ప్రతి టెస్టూ ఆ లిస్ట్‌లో ఉందా లేదా చూడండి. లేకపోతే మ్యాప్‌లో ఒక గీత తక్కువైందన్నమాట. మాకు మొదటి వారంలోనే అలాంటివి నాలుగు దొరికాయి. రెండో వారంలో ఒకటి. ఆ తర్వాతే ఏరిన వాటితోనే మెర్జ్ చేయడం మొదలుపెట్టాం.

అప్పుడు కూడా వదిలేసిన ట్యాగ్‌ల పేర్లు పుల్ రిక్వెస్ట్‌లో కనిపించాలి. "కార్ట్, చెకవుట్ నడిచాయి. అడ్మిన్, వెతుకులాట నడవలేదు" అని. రివ్యూ చేసే మనిషికి ఆ రెండో వాక్యం చూస్తేనే అనుమానం వస్తుంది. ఆ రోజు మా పుల్ రిక్వెస్ట్ మీద "చెకవుట్ నడవలేదు" అని రాసి ఉంటే, ధర ఫైల్ మార్చి చెకవుట్ ఎందుకు వదిలారని ఎవరో ఒకరు అడిగి ఉండేవారు.

గిట్‌హబ్‌లో ఒక్క జాగ్రత్త. ఫలానా ఫోల్డర్ మారితేనే నడువు అని వర్క్‌ఫ్లో (సీఐ చేయాల్సిన పనుల వరస) మీదే పెట్టి, ఆ చెక్‌ని తప్పనిసరి చేశారనుకోండి. ఆ ఫోల్డర్ మారని రోజు వర్క్‌ఫ్లో నడవదు, చెక్ పెండింగ్‌లోనే ఉండిపోతుంది, మెర్జ్ ఆగిపోతుంది. వర్క్‌ఫ్లో ఎప్పుడూ మొదలవ్వాలి, ఏరడం దాని లోపల జరగాలి.

రాత్రి అన్నీ నడవాలి

పగలు వదిలేసినవన్నీ అదే రాత్రి నడవాలి. ఇది లేకుండా ఏరడం మొదలుపెట్టకండి. మేం తెల్లవారుజామున 2:10కి పెట్టుకున్నాం. గిట్‌హబ్ షెడ్యూల్ మామూలుగా యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) లెక్కలో పోతుంది, మన టైమ్ కన్నా ఐదున్నర గంటలు వెనక. కాబట్టి ముందురోజు 20:40 అని రాయాలి. వారాలు కూడా మారతాయి, సోమవారం తెల్లవారుజాము రన్ కావాలంటే ఆదివారం అని పెట్టాలి. మెషీన్ మన ఆఫీసులో ఉంటే కరెంట్ పోయిన రాత్రి రన్ ఉండదు. రన్ జరగలేదు అన్న విషయం కూడా పొద్దున్న మెసేజ్‌గా రావాలి. ఏ మెసేజూ రాకపోతే అంతా బాగుందనుకోవడం మనుషుల అలవాటు.

పొద్దున్న ఆ రిజల్ట్ చూసే మనిషి ఒకరు ఉండాలి, పేరుతో సహా, వారానికి ఒకరు చొప్పున. రీట్రైస్ అనే ఆప్షన్ పెడితే, ఊరికే ఎర్రబడే టెస్టులని ప్లేరైట్ మళ్లీ నడిపి చూసి, రెండోసారి పాసైతే ఫ్లేకీ అని వేరే గుర్తు పెడుతుంది. వాటిని చప్పుడు చేయకుండా తీసేయకండి. పక్కన పెట్టిన తేదీ, ఎవరు బాగుచేస్తారో రాసి పక్కన పెట్టండి. రిలీజ్‌కి ముందు, సంక్రాంతి లాంటి రద్దీకి ముందు ఏరడం ఉండదు, అన్నీ నడవాలి.

తప్పిన వాటి పుస్తకం

రాత్రి రన్ ఏదైనా పట్టుకుందంటే పగలు మ్యాప్ దాన్ని వదిలేసిందని అర్థం. మేం దానికి ఒక షీట్ పెట్టుకున్నాం, నాలుగు గడులు: ఏం మారింది, ఏ టెస్ట్ తప్పిపోయింది, ఎందుకు, మ్యాప్‌లో ఏం మార్చాం. నాలుగో గడి ఖాళీగా ఉంటే ఆ వరస మూసినట్టు కాదు.

క్రితం నెల వరస ఒకటి చూపిస్తాను. ఏం మారింది: లాగిన్ పేజీలో ఫోన్ నంబర్ ముందు 91 తీసేశారు. తప్పిన టెస్ట్: ప్రొడక్ట్ పేజీలో పిన్‌కోడ్ చూసేటప్పుడు ఫోన్ నంబర్ దానంతట అదే రావాలి. ఎందుకు: లాగిన్ పేజీ నంబర్‌ని బ్రౌజర్ స్టోరేజ్‌లో దాస్తుంది, ప్రొడక్ట్ పేజీలోని "పిన్‌కోడ్ చూడండి" అనే డబ్బా కూడా అక్కడినుంచే తీసుకుంటుందని ఎవరికీ గుర్తులేదు. 532001 కొట్టి చూస్తే నంబర్ గడి ఖాళీగా వస్తోంది. మ్యాప్‌లో మార్పు: లాగిన్ ఫోల్డర్ పక్కన ప్రొడక్ట్ కూడా చేరింది. ఆ వరస రాసింది కామా మార్చిన ఆ కుర్రాడే. రాసి, "అక్కా, లాగిన్ కూడా పడుగే కదా, అన్నీ అని రాసేద్దామా?" అని అడిగాడు. రాసేశాం.